అమెరికా నుంచి అక్క తెచ్చిన క్యాప్సూళ్లు బాబుకు వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు, మూడో తరగతి. క్లాసులో ఒక్కచోట కూర్చోడని, పక్క పిల్లల్ని రాయనివ్వడని స్కూలు నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ వస్తోంది. నోట్సు సగంలో ఆపేస్తాడు. పెన్సిళ్లు, టిఫిన్ బాక్సులు పోగొట్టుకొస్తాడు. ఒక్కోసారి అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి ఎటో చూస్తూ ఉండిపోతాడు, పిలిచినా పలకడు. రాత్రిళ్లు గురక పెడతాడు. డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుక్కి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుతనం ఉండే సమస్య) ఉంది. మొన్న వచ్చినప్పుడు అక్క వాడి క్యాప్సూళ్లు 15 ఇచ్చి వెళ్లింది. ఒక్కొక్కటి విప్పి, రోజుకు సగం చొప్పున పెరుగన్నంలో కలిపి గత వారం నాలుగు రోజులు పెట్టాను. బుద్ధిగానే కూర్చున్నాడు కానీ సరిగా తినలేదు, రాత్రి 12 దాటినా నిద్రపోలేదు. మావారు (41 ఏళ్లు, బీపీకి మందు వాడుతున్నారు) కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవారట. ఇప్పటికీ కరెంటు బిల్లు కట్టడం మర్చిపోతారు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని ఆయన కూడా రెండు వేసుకున్నారు. ఇంకా 9 మిగిలాయి. అవి అయిపోయాక ఇదే మందు ఇక్కడ ఏ పేరుతో దొరుకుతుంది? చక్కెర మాన్పిస్తే తగ్గుతుందా? జ్ఞాపకశక్తికి ఏ సిరప్ మంచిది? హాస్టల్లో వేస్తే దారిలోకి వస్తాడా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు అడిగినవి నాలుగు. నాకు కంగారు పుట్టించినవి మాత్రం మీరు అడగకుండా మధ్యలో రాసేసిన సంగతులు. ముందు వాటి గురించే చెబుతాను.

ఆ క్యాప్సూళ్లు ఈ పూటతో ఆపేయండి, ఇద్దరికీ. నాలుగు రోజులే వాడారు కాబట్టి ఆపేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బాబుకు గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, లేనివి కనిపిస్తున్నాయనడం లాంటివి ఉంటే మాత్రం ఇది చదవడం పక్కన పెట్టి పిల్లల ఆసుపత్రికి బయల్దేరండి.

మందు పేరు మీరు రాయలేదు. అమెరికాలో ఏడీహెచ్‌డీ పిల్లలకు ఎక్కువగా రాసేవి మిథైల్‌ఫెనిడేట్, లేదంటే ఆంఫెటమిన్ జాతి మందులు. క్యాప్సూల్ అంటున్నారు కాబట్టి రోజంతా పనిచేసే రకం అయ్యుండొచ్చు. వాటిలో చాలావాటి లోపల సన్నటి పూసలు ఉంటాయి. కొన్ని వెంటనే, కొన్ని గంటల తర్వాత కరిగేలా చేస్తారు. సగం పొడి అంటే సగం మోతాదు అనుకోవడానికి లేదు. అన్నంతో కలిసి ఆ పూసలు నలిగినా, నమిలినా మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోవచ్చు. బాబుకు ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం ఈ మందుల తెలిసిన దుష్ప్రభావాలే. మేం ఇదే మందు రాసేటప్పుడు ముందు బరువు, ఎత్తు, నాడి, బీపీ చూసుకుంటాం. పిల్లవాడు ఎప్పుడైనా ఆటల్లో స్పృహ తప్పాడా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్లు ఉన్నారా అని అడుగుతాం. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, మధ్యమధ్య పిలిపించి చూస్తాం. మీ అక్క కొడుక్కి అక్కడి డాక్టరు ఇదంతా చేసే ఉంటారు. మీ బాబుకు ఎవరు చేశారు?

వేయగానే బుద్ధిగా కూర్చున్నాడు కాబట్టి వీడికీ అదే జబ్బు అని మీరు అనుకుంటున్నట్టున్నారు. పొరపాటు. ఈ మందు ఏ జబ్బూ లేని పిల్లలు వేసుకున్నా కాసేపు కుదురు వస్తుంది. దాన్నిబట్టి రోగం తేల్చడానికి లేదు.

ఇక మీవారి సంగతి. బీపీ ఉన్న మనిషి, బీపీని, గుండె వేగాన్ని పెంచే మందు వేసుకుని ఆఫీసుకు వెళ్లారు. ఏమీ కాలేదు, అదృష్టం. ఈ రెండు రోజుల్లో ఒకసారి బీపీ చూపించి, వేసుకున్న సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పమనండి.

ఈ సూట్‌కేసు వైద్యం గురించి నేను ఇంతకుముందూ రాశాను, ఇంకా రాస్తూనే ఉంటాను. ఇక్కడి నుంచి పచ్చళ్లు, కారప్పొడులు వెళ్తాయి, అక్కడి నుంచి విటమిన్ డబ్బాలు, నొప్పి మాత్రలు, ఇప్పుడు ఇవి. ప్రేమతోనే ఇస్తారు, కాదనను. కానీ అమెరికాలో ఈ మందుల్ని గట్టి నియంత్రణలో ఉంచారు, ఒకరి పేరున రాసింది ఇంకొకరికి ఇవ్వడం అక్కడ నేరం. మన దగ్గర ఆంఫెటమిన్ రకాలు ఏడీహెచ్‌డీకి షాపుల్లో అమ్మరు. మిథైల్‌ఫెనిడేట్ ఉంది, అయితే అది షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు భద్రపరచాలి. అందుకే ప్రతి షాపులోనూ దొరకదు. ఏ పేరుతో దొరుకుతుందని అడిగారు. చెప్పను. పేరు తెలిస్తే మీరు డాక్టరు దగ్గరికి కాకుండా షాపుకు వెళ్తారని నా భయం. కోప్పడుతున్నాననుకోకండి. పరీక్షల రోజుల్లో స్నేహితుడి మాత్రలు వేసుకుని గుండె దడతో వచ్చే కుర్రాళ్లను చూసి చూసి ఇలా తయారయ్యాను.

రెండోది, నా లెక్కలో దీనంత ముఖ్యమైనది. అన్నం తింటూ చెయ్యి ఆగిపోయి, పిలిచినా పలకకుండా చూస్తూ ఉండిపోతాడని రాశారు. పరధ్యానం కావచ్చు. ఫిట్స్‌లో ఒక రకం కూడా కావచ్చు. ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకుంటారు. ఆబ్సెన్స్ అనే రకంలో పిల్లవాడు పడిపోడు, ఐదు నుంచి ఇరవై సెకన్లు బొమ్మలా ఆగిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ తినడం మొదలుపెడతాడు. రెప్పలు కొట్టుకోవచ్చు. రోజుకు చాలాసార్లు రావచ్చు. సాధారణంగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలవుతుంది. టీచరుకు మాత్రం పాఠం వినని పిల్లవాడిలా కనిపిస్తాడు, నోట్సు మధ్యలో ఆగిపోతుంది. దీనికి మందులు వేరు. ఈసారి అలా ఉండిపోయినప్పుడు భుజం మీద చెయ్యి వేసి చూడండి. పరధ్యానమైతే చాలావరకు తాకగానే ఉలిక్కిపడి తిరుగుతాడు. ఇంకొకరిని ఫోన్‌లో వీడియో తీయమనండి. ఆ వీడియో పట్టుకుని పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఓపీలో కాగితం గాలిమరను ఊదించి, అలా ఆగిపోతాడేమో చూస్తారు, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష రాస్తారు. ఊదించే పరీక్ష ఇంట్లో మీరు చేయొద్దు.

గురక కూడా వదిలేసేది కాదు. ముక్కు వెనక అడినాయిడ్లు, గొంతులో టాన్సిళ్లు వాచి, రాత్రి ఊపిరి సరిగా ఆడక నిద్ర చెడితే పెద్దవాళ్లం మనం పగలు తూగుతాం. పిల్లలు తూగరు, గెంతుతారు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. చూపు, వినికిడి, రక్తహీనత పరీక్షలు కూడా చేయించేయండి, పెద్ద ఖర్చు కాదు.

ఇవన్నీ చూశాక మిగిలేది ఏడీహెచ్‌డీ అయితే కావచ్చు. కాదని నేననడం లేదు. తండ్రికీ చిన్నప్పుడు ఇలాగే ఉందంటే అనుమానం పెరుగుతుంది, ఇది కుటుంబాల్లో గట్టిగా నడిచే సమస్య. కానీ దాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ అని ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. ఏకాగ్రత లోపానికి తొమ్మిది, అతిచురుకుతనానికి, తొందరపాటుకు తొమ్మిది లక్షణాలు ఉంటాయి. ఏదో ఒక వరుసలో కనీసం ఆరు, ఆరు నెలలకు పైగా ఉండాలి, 12 ఏళ్లలోపే కనిపించాలి, ఒక్క స్కూల్లోనే కాకుండా ఇంట్లోనూ ఉండాలి. అన్నం దగ్గర ఆగిపోవడం, గురక తప్పిస్తే మీ ఉత్తరమంతా స్కూలు ఫిర్యాదులే. ఇంట్లో, పెళ్లిళ్లలో, అమ్మమ్మగారింట్లో వాడి కుదురు ఎలా ఉంటుందో ఒక్క ముక్కా లేదు. అన్ని చోట్లా కుదురుగా ఉండి స్కూల్లోనే అలా ఉంటే, చదవడంలోనో రాయడంలోనో ఇబ్బంది ఉందేమో చూడాలి. అది తేలి సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు దొరుకుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో అభ్యసన లోపం (ఈ చదవడం, రాయడంలో ఇబ్బందే) ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు.

చక్కెర వల్ల ఈ జబ్బు రాదు. పళ్ల కోసం తగ్గించండి. జ్ఞాపకశక్తి సిరప్ ఏదీ నేను రాయను. హాస్టల్ వద్దు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని, అదీ పగలు ఆగిపోయి, రాత్రి గురక పెట్టేవాడిని, ఎవరూ గమనించని చోట పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందమ్మా? దారిలోకి రావడం సంగతి తర్వాత, ఆ ఫిట్స్ అనుమానం తీర్చేవాళ్లు అక్కడ ఎవరు?

ఏడీహెచ్‌డీ అని తేలినా కంగారు పడకండి. ఈ వయసులో తల్లిదండ్రులకు శిక్షణ, స్కూలు సాయం, అవసరమైతే మందు, మూడూ కలిపి నడుపుతాం. ఆరేళ్లలోపు పిల్లలకైతే శిక్షణే ముందు. మిథైల్‌ఫెనిడేట్ సరిపడకపోతే అటోమాక్సెటిన్ ఉంది, అది పనిచేయడానికి వారాలు పడుతుంది. డాక్టరు చూస్తూ వాడిస్తే అలవాటుగా మారుతుందన్న భయం అక్కర్లేదు. ఈలోగా నాలుగు పనులు ఒకేసారి చెప్పకండి, దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి ఒక్కటి చెప్పండి. చేయగానే అప్పుడే మెచ్చుకోండి, సాయంత్రం దాకా దాచొద్దు. హోంవర్కు పది పదిహేను నిమిషాల ముక్కలు చేయండి. క్లాసులో ముందు బెంచీ అడగండి. టీచరుతో కూర్చుని మాట్లాడండి, ఫోన్‌లో గొడవ వద్దు.

పెద్దయ్యాక పరుగులు తగ్గుతాయి, మతిమరుపు, పనులు వాయిదా వేయడం చాలామందిలో మిగిలిపోతాయి. మీవారిది అదేనా అంటే చూడకుండా చెప్పలేను. 17 దాటినవాళ్లకు ఐదు లక్షణాలు చాలు, కానీ మూలం చిన్నతనంలో ఉండాలి. మీ అత్తగారు చెప్పే సంగతులే అక్కడ పెద్ద ఆధారం. నిద్రలేమి, థైరాయిడ్, దిగులు, మద్యం కూడా ఇలాగే కనిపిస్తాయి. కరెంటు బిల్లు మర్చిపోయిన ప్రతి మగవాడికీ ఏడీహెచ్‌డీ అంటే నాకూ ఉన్నట్టే. సైకియాట్రిస్టును కలవమనండి, బీపీ అదుపులోకి వచ్చాకే ఏ మందైనా.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ అనే కేంద్రం ఉందేమో అడగండి. హైదరాబాద్ రాగలిగితే నిలోఫర్, ఎర్రగడ్డ ఆసుపత్రులు ఉన్నాయి. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పంపే ముందు మీ ఉత్తరం మళ్లీ చూశాను. అక్క ఇచ్చినవి 15. రోజుకు సగం చొప్పున బాబుకు నాలుగు రోజులంటే రెండు, మీవారికి రెండు. మిగలాల్సినవి 11. మీరు 9 అంటున్నారు. ఆ రెండు ఎక్కడున్నాయో ఇప్పుడే చూడండి. మీవారు ఇంకా రెండు వేసుకుని ఉంటే బీపీ ఈరోజే చూపించాలి. బాబు చేతికి దొరికి మింగి ఉంటాడని ఏ కాస్త అనుమానమున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన తొమ్మిదీ డబ్బాతో సహా తాళం వేసి పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి.