చిగురు వేయని రాధామనోహరం

ప్రశ్న: 12 అంగుళాల కుండీలో మూడేళ్లుగా పెరుగుతున్న రాధామనోహరం చలికాలంలో ఆకంతా రాల్చేసింది. చలి పోయి నెల దాటినా ఒక్క చిగురూ లేదు. రోజూ నీళ్లు పోస్తున్నాం, పిడికెడు డీఏపీ ఎరువు కూడా వేశాం. ఇక తీసేయాల్సిందేనా?

జవాబు: తొందరపడి పీకేయకండి. పైనంతా ఎండినట్టున్నా ఈ తీగ మొదట్లోంచీ వేళ్లలోంచీ పిలకలు వేయగలదు. ముందు ప్రాణం ఎక్కడిదాకా ఉందో చూడండి. కొమ్మ చివర మొదలుపెట్టి, జానెడుకోసారి బెరడును గోటితో గీకుతూ కిందికి రండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం చచ్చింది. పచ్చదనం తగిలిన చోట, కణుపుకు సెంటీమీటరు పైన పదునైన కత్తెరతో కోయండి. రాధామనోహరం కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి బాగా కిందికి కత్తిరించినా పూలు పోతాయన్న బెంగ అక్కర్లేదు.

గీకేటప్పుడు ఒకచోట కింద పచ్చగా, ఆ పైనంతా ఎండిపోయి కనిపిస్తే, సరిగ్గా అక్కడ పందిరికి కట్టిన ఇనుప తీగ కాండంలోకి దిగిందేమో చూడండి. దాన్ని తీసేసి, ఈసారి మెత్తటి గుడ్డపేలికతో వదులుగా కట్టండి.

అసలు భయం రోజూ పోసే నీళ్లతోనే. ఆకు లేని మొక్క నీళ్లు చాలా తక్కువ తీసుకుంటుంది. మట్టి ఆరదు, వేళ్లకు గాలాడదు, కుళ్లు మొదలవుతుంది. దానిమీద డీఏపీ వేస్తే ఆ లవణాలు మిగిలిన వేళ్లను కూడా మాడుస్తాయి. అందుకే వేళ్లు పట్టుకున్న మట్టిగడ్డతో సహా మొక్కను బయటికి తీసి చూడండి. గట్టిగా, లేతరంగులో ఉన్నవి మంచి వేళ్లు. నల్లగా మెత్తబడి, పట్టుకుంటే పైతొక్క ఊడివచ్చేవి కుళ్లినవి, వాటిని కోసేయండి. గడ్డ చుట్టూ వేళ్లు చాపలా అల్లుకుని ఉంటే పైపొర రెండు సెంటీమీటర్ల మేర చెక్కేయండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలిపి తిరిగి నాటండి. వేళ్లు ఆరోగ్యంగా ఉంటే 15 అంగుళాల కుండీ, సగం పోయి ఉంటే పాత కొలతే మేలు. కుళ్లు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు) కలిపి మొక్క మొదట్లో ఒకసారి పోయండి.

ఆ తర్వాత పైన రెండంగుళాల మట్టి ఆరితేనే నీళ్లు. చిగుళ్లు జానెడు ఎదిగేదాకా ఏ ఎరువూ వద్దు. ఆరేడు వారాలు ఓపిక పట్టండి. అప్పటికీ మొదలుదాకా గీకినా పచ్చదనం లేక, వేళ్లూ మెత్తబడితే ఆశ వదులుకోవచ్చు.

ప్రశ్న: అంటు ద్రాక్ష పైన ఎండిపోయి, మొదట్లో మాత్రం చిగుళ్లు వచ్చాయి. ఉంచుకోవచ్చా?

జవాబు: అంటు కట్టిన చోట కాండం కాస్త ఉబ్బి ఉంటుంది. చిగురు దానికి పైనుంచి వస్తే మీ రకమే. బలమైనదాన్ని ఒక్కటి ఉంచి కర్రకు కట్టండి. ఉబ్బు కిందనుంచి వస్తే అది వేరుమూలపు మొక్క, అంటే అంటుకు కింద ఆధారంగా వాడిన వేరే మొక్క, మీరు కోరిన పండు ఇవ్వదు. అలాంటివి లేతగా ఉన్నప్పుడే, పుట్టిన చోటికంటా చీల్చేయండి.