బర్ట్‌విసిల్: పిట్ట ఉంది, ఈల లేదండీ

మీ తాతగారి పాత ఉత్తరాల్లో కనిపించిన దొర ఇంటిపేరు బర్ట్‌విసిల్ (Birtwistle)కి "పిట్ట ఈల" అని అర్థమా అన్నారు, రికార్డుల్లో ఎంత వెతికినా దొరకట్లేదన్నారు కదా. పిట్ట నిజమేనండీ, ఈల మాత్రం కాదు. పాత ఇంగ్లీషులో "బ్రిడ్" అంటే పిట్టపిల్ల, "ట్విస్లా" అంటే వాగులు రెండూ కలిసే చోటు. మన ఇంటిపేర్లు చాలావాటిలాగే ఇదీ ఊరి పేరే. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో హ్యాప్టన్ దగ్గర ఉండేది, ఇప్పుడా ఊరే లేదు, పేరు మాత్రం మనుషుల్లో మిగిలింది. పక్కనే ఆస్వాల్డ్‌ట్విసిల్ ఇంకా ఉంది, చివర అదే ముక్క చూడండి.

ఈ పేరువాళ్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉండిపోయారు. సంగీతకర్త హారిసన్ బర్ట్‌విసిల్ 1934లో పుట్టిన ఆక్రింగ్టన్ కూడా అక్కడికి దగ్గరే. యార్క్‌షైర్ స్కిప్టన్‌లో 18వ శతాబ్దంలో పశువుల వ్యాపారం చేసిన కుటుంబం మాత్రం ఇదే పేరుని మధ్యలో "హెచ్" పెట్టి (Birtwhistle) రాసుకుంది.

మీకు దొరకనిది బహుశా అందుకే. చర్చి గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసేశారు కాబట్టి "హెచ్" ఉన్నదీ లేనిదీ, "టి" బదులు "డి" ఉన్నదీ, అన్నీ వెతకండి. జనన మరణాల ప్రభుత్వ నమోదు అక్కడ 1837 జూలైలో మొదలైంది, అంతకుముందువైతే లాంకషైర్ చర్చి రిజిస్టర్లే చూడాలి.