పట్టభద్రుల ఎమ్మెల్సీకి డిగ్రీ ఉండాలా?

సందేహం: అయ్యవారూ, మాది చిత్తూరు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతా ఉన్నాను. శాసన మండలికి 'పట్టభద్రుల ఎమ్మెల్సీ'గా నిలబడాలంటే డిగ్రీ ఉండి తీరాలని కోచింగ్‌లో చెప్పినారు. అక్కర్లేదేమో సార్ అంటే, "మాటలోనే ఉంది కదమ్మా పట్టభద్రుల అని, ఇంకేం కావాల" అన్నారు. మాట ప్రకారం చూస్తే ఆయన చెప్పిందే కరెక్టా? ఇంకోటి, 'అర్హత లేనివాడు' అన్నా 'అనర్హుడు' అన్నా ఒకటేనా? నా నోట్సులో ఒకచోట అట్లా, ఒకచోట ఇట్లా ఉంది. చివరగా, మొదటి ప్రాధాన్యత ఓటుతో గెలిచింది మహిళ అయితే 'మండలి సభ్యురాలు' అనొచ్చా?

సమాధానం: తల్లీ, మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తా, అక్కర్లేదు, నువ్వన్నదే కరెక్టు. మీ సార్ తడబడింది ఆ 'ల' దగ్గర.

మన తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది కదా, అందులో చదువుకొని బయటికొచ్చినాయన్ని ఊర్లో ఏమంటారు, పశువుల డాక్టరు అంటారు. పాలు పోసే ఇండ్లలో పొద్దున లేస్తే ఆయన పేరే. ఆ మాట విని ఆయన్ని పశువు అనుకున్నోడు నాకు ఇంతవరకు కనపడలా. పిల్లల డాక్టరూ అంతే, ఆడపిల్లల హాస్టల్ వాచ్‌మేనూ అంతే. 'పశువులు'లో ఉండే 'లు' షష్ఠీ విభక్తిలో 'ల' అవుతుంది, అంటే 'పశువుల యొక్క' డాక్టరు అని, అది ఎవరికి సంబంధించినవాడో చెప్తుంది గానీ వాడు ఎవరో చెప్పదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ కూడా షష్ఠీ తత్పురుషమే, పట్టభద్రులు ఓటేసి పంపించిన మనిషి అని. డిగ్రీ ఉండే ఎమ్మెల్సీ అని చెప్పాలంటే 'పట్టభద్రుడైన ఎమ్మెల్సీ' అనాల, అప్పుడది కర్మధారయం దారిలో, అంటే ముందు మాట వెనక మాటని వర్ణించే దారిలో పడుతుంది.

అసలీ గందరగోళం ఎక్కడ మొదలైందంటే, మనోళ్ళు దాన్ని 'గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ', 'టీచర్ ఎమ్మెల్సీ' అని పిలవడం మొదలుపెట్టినాక, తెలుగులో ఉండిన 'ల' కాస్తా ఎగిరిపోయింది, ఇంక 'టీచర్ ఎమ్మెల్సీ' అంటే బడిపంతులే అయ్యుండాలని అందరూ అనుకోవడం మొదలుపెట్టినారు. ఆ సీటుకి నిలబడేదానికి పంతులు కానక్కర్లేదు. ఓటేసేవాళ్ళు మాత్రం హైస్కూలు, ఆపై స్థాయిలో కనీసం 3 ఏళ్ళు పాఠం చెప్పినవాళ్ళయ్యుండాల. డిగ్రీ సీటు ఓటరుకీ పట్టా చేతికొచ్చి 3 ఏళ్ళయ్యుండాల. (పట్టా అంటే మా చంద్రగిరి పక్క ముందు గుర్తొచ్చేది సర్కారు భూమికిచ్చే డీకేటీ పట్టానే, నెత్తిన కట్టే పట్టానికీ భూమి పట్టాకీ మూలం ఒకటేలే, సంస్కృతం.) ఇక్కడ ఇంకో తిరకాసుంది, ఈ ఓటర్ల లిస్టు ప్రతి ఎన్నికకీ మళ్ళీ మొదటి నుంచీ తయారుచేస్తారు, పేరు చేర్చమని ఫారం 18 కొత్తగా పెట్టుకోవాల. మా వీధిలో ఒకాయన ఎమ్మే చదివి, చొక్కా ఇస్త్రీ చేసుకొని, మామూలు ఓటరు కార్డు జేబులో పెట్టుకొని పోయి, లిస్టులో పేరు లేదని వెనక్కొచ్చి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలా.

మరి నిలబడేవాళ్ళకి ఏముండాల అంటే, రాజ్యాంగం 173వ అధికరణం చూడు. భారత పౌరుడయ్యుండాల, శాసనసభకైతే 25 ఏళ్ళు, మండలికైతే 30 ఏళ్ళు నిండాల, ప్రమాణం చేయాల, మిగతాది పార్లమెంటు చేసే చట్టానికి వదిలేసినారు. ఆ చట్టం, అదే 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం, రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరయితే చాలంటుంది. కుప్పం ఓటరు తిరుపతిలో నిలబడొచ్చు. డిగ్రీ ఊసు ఇందులో ఎక్కడా లేదు. ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది కూడా, మద్రాసు పట్టభద్రుల సీటులో డిగ్రీ లేనాయన గెలిస్తే హైకోర్టు చెల్లదనింది, 1972లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, రాయని అర్హతని మనం కల్పించి చదవకూడదని.

'నిండాల' అన్నాను చూడు, ఆ మాట జాగ్రత్త. "వాడికి 30 వచ్చినాయి" అంటే మన పక్క 30వ ఏడు నడస్తా ఉందని కూడా అంటాం. చట్టానికి నడిచేది పనికిరాదు, నిండాల్సిందే, అదీ నామినేషన్ల పరిశీలన రోజుకి.

అయితే ఇంతసేపూ ఆ 'ల'ని వెనకేసుకొచ్చినాను గానీ, ఒప్పుకోవాల్సిన మాట ఇంకోటుంది. వ్యాకరణం ఒక్కటే అన్నీ తేల్చదు. మీ జిల్లాలోనే పూతలపట్టు ఉంది, గంగాధర నెల్లూరు ఉంది, వాటిని 'ఎస్సీ నియోజకవర్గం' అంటాం. అక్కడ ఓటేసేది అన్ని కులాలవాళ్ళూ, నిలబడేవాళ్ళు మాత్రం ఎస్సీలే. పట్టభద్రుల నియోజకవర్గంలో సరిగ్గా తిరగేసి, ఓటేసేది పట్టభద్రులే, నిలబడేది ఎవురైనా సరే. రెండు పేర్లూ చూసేదానికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, అర్థం మాత్రం ఎదురుబొదురు. అందుకే మీ సార్ "మాటలోనే ఉంది" అన్నది నాకు నచ్చలా. మాటలో దారి ఉంటుంది, ఊరు చట్టంలో ఉంటుంది.

ఇంక నీ రెండో ప్రశ్న. ఇది నిజంగా మంచి ప్రశ్న. మామూలు మాటల్లో అయితే అర్హత లేనివాడే అనర్హుడు, తప్పేం లేదు. చట్టంలో మాత్రం రెండూ వేరు. అర్హతలు 173లో ఉంటే అనర్హతలు 191లో విడిగా ఉన్నాయి. నామినేషన్ తిరగ్గొట్టేదానికి కారణాలు చెప్పేచోట కూడా, పరిశీలన రోజుకి అభ్యర్థికి అర్హత లేకపోయినా, అనర్హత ఉన్నా అని రెండూ పక్కపక్కనే చెప్పినారు. ఒకటే అయితే రెండుసార్లు ఎందుకు చెప్తారు?

మన పాత వ్యాకరణంలోనే దీనికి తాళంచెవి ఉంది. 'న' అనే అక్షరం అచ్చు ముందర 'అన్' అయి 'అనర్హత' అవుతుంది. 'కాదు, లేదు' అని చెప్పే ఈ 'న'ని వ్యాకరణంలో నఞ్ అంటారు, దానికి పెద్దలు ఆరు అర్థాలు చెప్పినారు, అందులో అభావం ఒకటి, విరోధం ఒకటి. 'అపాపం' అంటే పాపం లేకపోవడం, అభావం. 'అధర్మం' అంటే ధర్మం లేకపోవడం కాదు, ధర్మానికి ఎదురు నిలబడేది, విరోధం. 24 ఏళ్ళ పిల్లోడు అసెంబ్లీకి నామినేషన్ వేస్తే వాడికి అర్హత లేదు, అంతే, సంవత్సరం ఆగితే అదే వస్తుంది, వాడిమీద మచ్చేం లేదు. అదే 50 ఏళ్ళాయన, పౌరుడు, ఓటరు, అన్నీ ఉన్నాయి, కానీ ఏదో కేసులో 2 ఏళ్ళో అంతకంటే ఎక్కువో శిక్ష పడింది, అప్పుడు ఉండే అర్హతలన్నిటికీ ఎదురుగా ఒకటి వచ్చి నిలబడింది, జైలు నుంచి వచ్చినాక కూడా 6 ఏళ్ళు అది పోదు. దివాలా తీసి బయటపడనాయన, సర్కారు కింద 'లాభదాయక పదవి'లో ఉండే ఆయన, వీళ్ళదీ ఇదే లెక్క. (లాభదాయకం కాని పదవి ఏదప్పా అని మా టీకొట్టు దగ్గర అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయినాను.) పేపర్లో 'అనర్హత వేటు' అంటారే, ఆ వేటు పడేది సీటులో కూర్చోనుండే వాడిమీదే, 24 ఏళ్ళ పిల్లోడిమీద వేటేముంటుంది.

ప్రమాణం సంగతి ఊరికే దాటేయబుద్ధి కాలా. కాణిపాకంలో స్వామి ముందర జనం ప్రమాణం 'చేస్తారు', ఎవురూ 'ప్రమాణ స్వీకారం' చేయరు. పదవిని స్వీకరిస్తాం, ప్రమాణం చేస్తాం, రెండూ కలిపేసి పేపర్లోళ్ళు 'ప్రమాణ స్వీకారం' చేసేసినారు, ఇప్పుడింక దాన్ని పీకలేం, నేనూ వాడతా ఉంటా. జనానికి టీవీలో కనపడేది గెలిచినాక చేసేదే, కానీ నామినేషన్ వేసినాక, పరిశీలన కంటే ముందే ఒకటి చేసుంటారు, అదే 173 అడిగేది. గెలిచినాక సభలో ఇంకోటి. మంత్రి అయితే పదవికొకటి, రహస్యాలు కాపాడేదానికొకటి.

మంత్రికి కూడా డిగ్రీ అక్కర్లేదు. సభ్యుడు కాకుండానే మంత్రి కావొచ్చు, 6 నెలల్లోపల ఏదో ఒక సభకి రావాల. ముఖ్యమంత్రి అయినా అంతే, ఎమ్మెల్యేనే కానక్కర్లేదు. రోశయ్య గారు ఎమ్మెల్సీగానే ముఖ్యమంత్రి చేసినారు, ఆయన తర్వాత 2010లో మన పీలేరు ఎమ్మెల్యే కిరణ్‌కుమార్ రెడ్డి గారు వచ్చినారు, అంతకుముందు ఆయన స్పీకరు. గవర్నరుని మాత్రం ఈ లిస్టులో కలపొద్దు, అది రాష్ట్రపతి నియమించేది. మన తిరుచానూరు బిడ్డ అనంతశయనం అయ్యంగార్ గారు లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనారు, బీహారు గవర్నరుగా నియమితులైనారు. ఎన్నికకీ నియామకానికీ తేడా రాయమంటే ఆయన ఒక్కడి పేరే చాలు.

ఒక చిన్న దిద్దుబాటు, నీ ఉత్తరం చివర 'మొదటి ప్రాధాన్యత ఓటు' అని రాసినావు. 'ప్రాధాన్యం' అంటేనే ప్రధానంగా ఉండడం, దానికి మళ్ళీ 'త' ఎందుకు, 'ప్రాధాన్య ఓటు' అని రాయి. అర్హతకి ఆ 'త' ఉండాల్సిందే, అది 'అర్హ'కి చేరింది. మహిళ అయితే 'మండలి సభ్యురాలు' అనొచ్చా అని అడిగినావు, హాయిగా అనొచ్చు. మంత్రికి మాత్రం 'మంత్రిణి' అని రాస్తే పేపరు దిద్దేవాళ్ళు నవ్వుతారు, 'మంత్రి' అనే రాయి.