మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో తెలుగువాళ్లు సొంతంగా తెలుగు మీడియం బడి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, భాషాపరమైన మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కును రాజ్యాంగంలోని 30(1) అధికరణ ఇచ్చింది. బోధన ఏ భాషలో ఉండాలో ఎంచుకోవడం కూడా అందులో భాగమే.

"మా ఊళ్లో మేమే ఎక్కువ, మైనారిటీ ఎలా అవుతాం?" చాలామంది పొరపడేది ఇక్కడే. ఊరినో జిల్లానో చూడరు, రాష్ట్రాన్ని చూస్తారు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. ప్రాణహిత ఒడ్డున సిరొంచ బజారులో ఎటు విన్నా తెలుగే వినిపించొచ్చు, కానీ మహారాష్ట్ర మొత్తం మీద తెలుగు మైనారిటీ భాషే.

బడిని నడుపుకునే హక్కు అంటే ఏమిటో తెలియాలంటే, ఉదాహరణకు హెడ్మాస్టర్ పోస్టు తీసుకోండి. అర్హతలున్న వాళ్లలో ఎవరిని పెట్టుకోవాలో యాజమాన్యం ఇష్టం. సీనియారిటీ పేరుతో ఇంకొకరిని ప్రభుత్వం రుద్దలేదు. నా దృష్టిలో బడి స్వేచ్ఛకు ప్రాణం ఇదే. టీచర్ల అర్హతలు, పిల్లల భద్రత లాంటివి మాత్రం ప్రభుత్వం అడగొచ్చు, అడగాలి కూడా.

మరాఠీని ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేయడం ఈ హక్కుకు విరుద్ధం కాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. గడ్చిరోలి కలెక్టరాఫీసులో అర్జీ రాయాల్సిన పిల్లలకు అది అవసరం కూడా.