మైల పుంజుకు, మైల పెట్టకు నల్ల పిల్లలు ఎందుకు పుడతాయి?

మైల (బూడిద రంగు) పుంజును మైల పెట్టతో జత కట్టిస్తే పన్నెండు పిల్లల్లో సగమే మైలగా వచ్చాయనీ, మిగిలినవాటిలో కొన్ని నల్లగా, కొన్ని మాసిన తెలుపుగా ఉన్నాయనీ రాశారు. పుంజును అమ్మినవారు కల్తీ రక్తం అంటగట్టారా, ఆ తెల్ల పిల్లలను తీసేయాలా అని మీ ప్రశ్న. మోసమేమీ జరగలేదు, తీసేయవలసిన అవసరమూ లేదు. ఇదే అనుమానంతో 7 ఏళ్ల కిందట నేను పక్క ఊరి రైతు ఒకరితో మాట తూలి, తరువాత వెళ్లి తప్పు ఒప్పుకోవలసి వచ్చింది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

కోడి ఈకలో ఉండే వర్ణకాలు రెండు రకాలే: ఒకటి నలుపునిచ్చేది, రెండోది ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతువ అంటూ మన పెద్దలు పెట్టిన పేర్లన్నీ ఈ రెండు వర్ణకాలు ఒంటి మీద ఎక్కడెక్కడ, ఎంతెంత పడ్డాయి, ఎక్కడ బొత్తిగా పడలేదు అన్నదాన్ని బట్టి వచ్చినవే. మైల అనేది వీటిలో మూడో వర్ణకం కాదు, పలచబడిన నలుపు. ఆ పలచబరిచే జన్యువు పిల్లకు తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి రావచ్చు. ఒక్క ప్రతి వస్తే నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. రెండూ వస్తే ఇంకా పలచబడి, అక్కడక్కడ బూడిద మరకలున్న మాసిన తెలుపు అవుతుంది. ఒక్కటీ రాకపోతే నలుపు నలుపుగానే మిగులుతుంది.

అంటే మీ మైల పుంజులోనూ, మైల పెట్టలోనూ ఉన్నది ఒక్కొక్క ప్రతే. రెండింటినీ కలిపితే సగటున నాలుగు పిల్లలకు ఒకటి నలుపు, రెండు మైల, ఒకటి మాసిన తెలుపు వస్తాయి. ఇది సగటు మాత్రమే కనుక ఒక్క పొదుగులో లెక్క అచ్చంగా కుదరాలని లేదు. నాకు మొదటిసారి తేలిన 11 పిల్లల్లో రెండు నల్లవి, ఐదు మైలవి, నాలుగు తెల్లవి. ఎన్ని తరాలు ఏరి ఏరి పెంచినా ఈ మైలను నికరమైన జాతిగా నిలబెట్టలేరు. స్పెయిన్ పేరు మీద చలామణీ అయ్యే ఆండలూసియన్ అనే మైల రంగు కోళ్లను పెంచేవారు కూడా నల్ల పిల్లలను, తెల్ల పిల్లలను పనికిరానివని ఏరి పారేస్తూ వచ్చారు. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో విలియం బేట్సన్, పన్నెట్ వంటి జన్యుశాస్త్రవేత్తల ప్రయోగాలతో అసలు సంగతి బయటపడింది: ఆ పారేసే నల్లవాటిని, తెల్లవాటిని ఒకదానితో ఒకటి జత చేస్తే పిల్లలన్నీ మైలే.

అందుకే తెల్ల పిల్లలను తీసేయవద్దంటున్నాను. మైల కావాలనుకునేవారికి వాటి కన్నా విలువైన పెట్టలు లేవు. నేను ఒక తెల్ల పెట్టను ఉంచుకుని నల్ల పుంజును తెచ్చాను. అయితే తొందరపడ్డాను. పాత మైల పుంజును తీసేసిన వారానికే గుడ్లు పోగుచేసి పొదిగించాను. తేలిన తొమ్మిదిలో రెండు తెల్లగా వచ్చేసరికి ఈ లెక్కంతా అబద్ధమేమో అనుకున్నాను. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవ ఉంటుందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు, ఆ రెండూ పాత పుంజు పిల్లలు. మళ్లీ నాలుగు వారాలు ఆగి పెట్టించిన పొదుగులో ఎనిమిదికి ఎనిమిదీ మైలగానే తేలాయి. పుంజును మార్చాక కనీసం మూడు వారాల గుడ్లు వంటకు వాడుకోండి.

ఈ జన్యువు నలుపు మీదనే బలంగా పనిచేస్తుంది, ఎరుపును పెద్దగా ముట్టదు. మన ఊళ్లలో ఒళ్లంతా బూడిద రంగులో ఉండి మెడ మీద, వీపు మీద ఎర్రగా మెరిసే మైల పుంజులు కనిపించేది అందుకే. మీవి అలాంటివైతే మీ నల్ల పిల్లలకు పెద్దయ్యాక మెడ మీద ఎరుపు తేలినా ఆశ్చర్యపోకండి. నా మైల పెట్ట రాల్చిన మెడ ఈకను ఎండకు పట్టి చూస్తే నడుమ పలచని బూడిద, అంచు వెంట పెన్సిలుతో గీసినట్టు ముదురు గీత కనిపించేవి.

బూడిద రంగునిచ్చే జన్యువు మరొకటి ఉంది, దాన్ని లావెండర్ అంటారు. రెండు ప్రతులూ ఉంటేనే అది బయటపడుతుంది. అది ఎరుపును కూడా ఎండు గడ్డి రంగుకు దించేస్తుంది. ఆ రకం పుంజును, పెట్టను కలిపితే పిల్లలన్నీ తల్లిదండ్రుల్లాగే వస్తాయి కనుక మీది అది కాదు.

చారల కోళ్లలో తల్లికి చారలుండి తండ్రికి లేకపోతే, ఆ చారలు పుంజు పిల్లలకే వస్తాయి, ఎందుకంటే ఆ జన్యువు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోము మీద ఉంటుంది. మైలకు ఆ గొడవ లేదు. నలుపు పుంజుదైనా, తెలుపు పెట్టదైనా, లేక తలకిందులైనా ఫలితం ఒకటే. ఒక్క సేతువ పుంజును మాత్రం ఇందులోకి దింపవద్దు. నిండు తెలుపు తన కింద ఏ రంగు దాగి ఉందో కనిపించనివ్వదు, పిల్లలు పుట్టాక ఏది ఎవరి నుంచి వచ్చిందో తేల్చుకోలేక తల పట్టుకుంటారు.

ప్రస్తుతానికి మీ తెల్ల పిల్లల్లో పెట్టలేవో తేలేదాకా ఆగి, బాగా ఎదిగిన రెండింటిని ఉంచుకోండి. నల్ల పుంజు కోసం సంతకు వెళ్లనక్కరలేదు, మీ దగ్గరి నల్ల పిల్లల్లో పుంజు ఉంటే రంగు వరకు అదే సరిపోతుంది. కాకపోతే అవి అన్నాచెల్లెళ్లు, అందుకని వేరే ఇంటి నల్ల పుంజు దొరికితే దాన్నే తెచ్చుకోమంటాను.