స్కూల్లో 6/6 అన్నాక మళ్లీ కంటి పరీక్ష ఎందుకంటే

పాపకు ఎనిమిదేళ్లు, స్కూల్లో చేసిన కంటి పరీక్షలో 6/6 వచ్చింది, అయినా చదువుతుంటే లైన్లు తప్పిపోతోంది, సాయంత్రమైతే తలనొప్పి అంటోంది, కర్నూలులోనే ఉంటున్నాం, మళ్లీ డాక్టరుకు చూపించాలా అని అడిగారు. తప్పకుండా చూపించండి. మా అబ్బాయికీ ఇదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

6/6 అంటే ఆరు మీటర్ల దూరంలోని చార్టు మీద, మంచి చూపున్నవాళ్లు చదవగలిగే చిన్న అక్షరాలను మీ పాప కూడా చదివింది అని. అంతవరకే. పుస్తకం ఉండేది మూరెడు దూరంలోపు. అక్కడ రెండు కళ్లూ కలిసి ఒకే అక్షరం మీద నిలవాలి, ఫోకస్ పట్టాలి, వరుస వెంబడి జరగాలి. చార్టు పరీక్షలో ఇవేవీ తెలియవు. అలాగని స్కూలు పరీక్షలు దండగని కాదు. 2019 అక్టోబరు 10న మన అనంతపురంలో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం 'కంటి వెలుగు' మొదటి విడత బడిపిల్లల కోసమే. దూరపు చూపు తగ్గిన పిల్లలు అలాంటి చోటే బయటపడతారు. కానీ వందలమందిని గబగబా చూసేటప్పుడు అన్నీ దొరకవు.

మా వాడు మూడో తరగతిలో పుస్తకం తీసిన కాసేపటికే కళ్లు నులుముకునేవాడు. టీచరు శ్రద్ధ లేదనేది. "ఒంటికన్ను మూసుకుని చదువుతాడేమే వీడు?" అని మొదట గమనించింది మా అత్తమ్మ.

కంటి ఆసుపత్రిలో మొదట చార్టే. వాడికీ 6/6. తర్వాత అక్కడి ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణురాలు) ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించిన చిన్న బొమ్మను వాడి ముక్కు వైపు మెల్లగా తెస్తూ, "ఒకటే ఉందా, రెండయ్యాయా?" అని అడిగింది. ఆ వయసు పిల్లలకు ముక్కుకు ఐదారు సెంటీమీటర్ల దగ్గరి వరకూ అది ఒకటిగానే కనిపించాలట. మా వాడు జానెడు దూరంలోనే "రెండు" అన్నాడు. అదే క్షణంలో వాడి కుడికన్ను బయటికి జారిపోవడం నేను కళ్లారా చూశాను. కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అన్నారు, అంటే దగ్గరివాటిని చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి లోపలికి తిరిగి నిలవలేకపోవడం. ఒక్కో కన్నును మూసి తెరుస్తూ చూశారు. నల్లద్దాలు పెట్టి ఈగ బొమ్మ చూపిస్తే, వాడు దాని రెక్కలను గాల్లోనే పట్టుకోబోయాడు. అంటే లోతు తెలుస్తోందన్నమాట, అక్కడ ఇబ్బంది లేదు.

తర్వాత చుక్కల మందు. దీన్ని మాత్రం వద్దనకండి. పిల్లలు ప్లస్ పవర్ ఉన్నా కంటి కండరాన్ని బిగబట్టి సర్దుకుంటారు. చుక్కలతో ఆ కండరం సడలితేనే అసలు పవర్ తెలుస్తుంది. కంట్లోకి వెలుగు వేసి డాక్టరే కొలుస్తారు కాబట్టి పిల్ల చెప్పే జవాబుతో పనిలేదు. కంటి వెనకుండే పొర, రెటీనా కూడా అప్పుడే చూస్తారు. మందు మండుతుంది, పాపకు ముందే చెప్పండి. ఆ రోజు అక్షరాలు మసగ్గా ఉంటాయి, హోంవర్క్ పెట్టొద్దు. మన కర్నూలు ఎండకు టోపీ ఉండాల్సిందే. ఆప్టికల్ షాపులో కంప్యూటర్ పరీక్ష ఒక్కటీ చేయించి అద్దాలు కొనకండి. చుక్కలు వేయకుండా చూస్తే ఆ మిషన్ పిల్లలకు లేని మైనస్ పవర్ చూపించవచ్చు.

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి. "దగ్గరి చూపు, రెండు కళ్ల పొందిక కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి.

కళ్ల వ్యాయామాల గురించి ఒక మాట. కన్వర్జెన్స్ సమస్యకు అవి నిజంగా పనిచేస్తాయి. 2008లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, వారానికోసారి క్లినిక్‌లో, మిగతా రోజులు ఇంట్లో, 12 వారాలు చేసిన పిల్లలు, ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెస్తూ చూసే వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకంటే బాగా కోలుకున్నారు. అయితే 2019లో వచ్చిన మరో అధ్యయనంలో, ఉత్తుత్తి వ్యాయామాలు చేసిన పిల్లలతో పోలిస్తే అసలు వ్యాయామాలు చేసినవాళ్లకు చదివి అర్థం చేసుకునే శక్తి అదనంగా పెరగలేదని తేలింది. మా ఇంట్లోనూ అంతే. తలనొప్పి పోయింది, కన్ను మూసుకోవడం మానేశాడు. స్పెల్లింగులు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాల్సి వచ్చింది. కాబట్టి కళ్ల వ్యాయామాలతో మార్కులు పెరుగుతాయని, డిస్‌లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది) పోతుందని ఎవరైనా వేలల్లో ప్యాకేజీ చెబితే డబ్బు కట్టకండి. డిస్‌లెక్సియా కంటి జబ్బు కాదు.

మెల్లకన్ను అదృష్టమని మనవైపు ఇంకా అనేవాళ్లున్నారు, దయచేసి ఆ మాట నమ్మి ఆగకండి. మెల్లకన్ను వల్ల ఒక కన్ను చూపు బలహీనపడినా రెండోది బాగా కనిపిస్తుంది కాబట్టి పిల్లలు చెప్పరు, వాళ్లకు తెలియనే తెలియదు. మంచి కన్నుకు ప్యాచ్ వేసి చేసే చికిత్స ఏడేళ్లలోపు బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా కొందరికి గుణం కనిపిస్తుంది గానీ ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. కనుపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మాత్రం మర్నాటికి కూడా ఆగకండి, అది కంటి క్యాన్సర్ కావచ్చు. మీకు ఇంకా చిన్నపిల్లలుంటే పాపతోపాటు వాళ్లనూ తీసుకెళ్లండి. అక్షరాలు రాకపోయినా బొమ్మల చార్టుతో చూస్తారు.