బిల్లు లేని కెమెరాకు బీమా: ముందు పత్రాలు, ఆ తర్వాతే పాలసీ

ప్రశ్న: మాది కాజీపేట. పెళ్ళిళ్ళకు, శుభకార్యాలకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. రెండు నెలల క్రితం కరీంనగర్‌లో తెలిసిన ఒక ఫొటోగ్రాఫర్ వద్ద ఫుల్ ఫ్రేమ్ కెమెరా, రెండు లెన్సులు, రెండు ఫ్లాష్‌లు కలిపి రూ. 1,85,000కు కొన్నాను. అందులో రూ. 90,000 ఫోన్ ద్వారా ఆయన ఖాతాకు పంపాను, రూ. 75,000 నగదుగా ఇచ్చాను, రూ. 20,000 ఇంకా బాకీ ఉంది. ఆయన కూడా సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నందువల్ల బిల్లు లేదు. ఏజెంటు బిల్లు లేనిదే బీమా కుదరదంటున్నారు. ఒక మిత్రుడు పాత తేదీతో బిల్లు రాయించి ఇస్తానంటున్నాడు. చిట్టీ ఎత్తి కెమెరా కొన్నాను, దానికి నెలకు రూ. 8,000 కడుతున్నాను. ఇంటి ఖర్చు రూ. 28,000. బ్యాంకులో రూ. 18,000 ఉన్నాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ. 1,50,000 తెచ్చి డ్రోన్ కొనాలని ఆలోచన. కెమెరాకు బీమా ఎలా చేయించాలి? డ్రోన్ కొనవచ్చా?

జవాబు: మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాయడానికి కారణం, ఇది మీ ఒక్కరి సమస్య కాకపోవడమే. ఓరుగల్లు, కరీంనగర్ ప్రాంతాల్లో పెళ్ళి ఫొటోగ్రఫీతో బతికే యువకులు చాలామంది ఇదే వరుసలో నడుస్తున్నారు. మొదట చేతిలో ఉన్నదంతా పెట్టి పరికరాలు కొంటారు, అది చాలక అప్పు చేస్తారు, పత్రాల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు, చివరికి వీటన్నింటినీ బీమా కాపాడుతుందని ఆశిస్తారు. బీమా అలా పనిచేయదు. ఆ వస్తువు మీదని, దాని విలువ ఇంతని, అది నిజంగా పోయిందని మీరు చూపగలిగినప్పుడే కంపెనీ డబ్బు చెల్లిస్తుంది.

ముందుగా మీ మిత్రుడు చెప్పిన పాత తేదీ బిల్లు సంగతి. ఆ ఆలోచనను ఈరోజే వదిలేయండి. బీమా ఒప్పందం పూర్తిగా పరస్పర విశ్వాసం మీద నడుస్తుంది. పాలసీ కోసం మీరు నింపి ఇచ్చే ప్రతిపాదన పత్రంలో ఒక ముఖ్యమైన విషయం అబద్ధమని తేలితే, కట్టిన ప్రీమియం ఎంతైనా క్లెయిమ్ తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. క్లెయిమ్ వచ్చినప్పుడు నష్టాన్ని పరిశీలించడానికి కంపెనీ పంపే సర్వేయరు చేసే తొలి పనుల్లో ఒకటి, బిల్లు మీదున్న దుకాణాన్ని సంప్రదించి, ఆ నంబరు బిల్లు తమ లెక్కల్లో ఉందో లేదో కనుక్కోవడం. లేదని తేలితే మీకు కెమెరా పోయిన నష్టంతో పాటు నకిలీ పత్రం వాడారన్న క్రిమినల్ కేసు కూడా మిగులుతుంది. కెమెరా నిజంగానే మీదై, నిజంగానే దొంగలు ఎత్తుకుపోయినా, ఆ ఒక్క కాగితం మిమ్మల్ని దోషిగా నిలబెడుతుంది.

ఏజెంటు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. బిల్లు అన్నింటికన్నా బలమైన సాక్ష్యమే గానీ, ఏకైక సాక్ష్యం కాదు. వస్తువు మీద మీకు యాజమాన్య హక్కు ఉందా, అది పోతే నష్టపోయేది మీరేనా అన్నది బీమా చట్టం చూసే అసలు విషయం. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, అమ్మిన వ్యక్తికి లేని హక్కు కొన్న వ్యక్తికి రాదు. కరీంనగర్ ఫొటోగ్రాఫర్‌కు అమ్మిన మనిషి ఎక్కడో దొంగిలించిన కెమెరానే ఆయనకు అమ్మి ఉంటే, మీరు ఎంత నిజాయితీగా, ఎంత పూర్తి ధర చెల్లించినా అది మీది కాదు. పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుని అసలు యజమానికి అప్పగించవచ్చు. మీది కాని వస్తువుకు మీరు చేయించిన బీమా కూడా నిలబడదు. మొబైల్ ఫోను పోతే ఐఎంఈఐ నంబరును కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో నమోదు చేసి అడ్డుకోవచ్చు, కెమెరాలకు అటువంటి జాబితా లేదు. అందువల్ల కెమెరా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న వరుసను మీరే కాగితం మీద పెట్టుకోవాలి.

ఆ పని సీరియల్ నంబర్లతో మొదలుపెట్టండి. కెమెరాను తిరగేస్తే అడుగున స్టిక్కరు మీద నంబరు కనిపిస్తుంది. కొన్ని మోడళ్ళలో అది మడిచే స్క్రీను వెనుక ఉంటుంది. ట్రైపాడ్ ప్లేటు రోజూ బిగించి విప్పడం వల్ల ఈ స్టిక్కరు మీది అంకెలు అరిగిపోతుంటాయి కాబట్టి, అవి చదవగలిగే స్థితిలో ఉన్నప్పుడే దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి. లెన్సు మీద నంబరు సాధారణంగా కెమెరాకు తగిలించే అంచు దగ్గర ఉంటుంది. చాలా కెమెరాలు తాము తీసిన ప్రతి ఫొటో ఫైలు లోపల బాడీ సీరియల్ నంబరును, తేదీని నమోదు చేస్తాయి. మీరు రెండు నెలలుగా తీసిన పెళ్ళి ఫొటోల అసలు ఫైళ్ళలో ఈ వివరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఆ కెమెరా ఏ రోజు నుంచి మీ చేతిలో పనిచేస్తోందో చెప్పే సాక్ష్యం మీ హార్డ్ డిస్కులోనే ఉన్నట్టు. ఎడిట్ చేసి కస్టమర్లకు ఇచ్చిన కాపీల్లో ఆ సమాచారం చెరిగిపోయి ఉండవచ్చు, కాబట్టి కొన్ని ఒరిజినల్ ఫైళ్ళను తొలగించకుండా విడిగా దాచండి.

తర్వాత కరీంనగర్ వెళ్ళి, అమ్మిన ఆయనతో స్టాంపు పేపరు మీద విక్రయ ధ్రువీకరణ రాయించుకుని నోటరీ చేయించండి. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, చిరునామా, ప్రతి వస్తువు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ధర, మీరు ఏ తేదీన ఎంత ఖాతాకు పంపారు, ఎంత నగదుగా ఇచ్చారు అన్నవి ఉండాలి. ఈ వస్తువులు తన సొంతమని, దొంగ సొత్తు కాదని, వీటి మీద ఏ ఫైనాన్స్ కంపెనీ వాయిదాలూ బాకీ లేవని ఆయన స్పష్టంగా రాయాలి. తనకు ఎవరు అమ్మారో, ఎప్పుడు అమ్మారో కూడా రాయించండి. కాగితం రాసిన తేదీ అసలు తేదీయే ఉండాలి. అమ్మకం రెండు నెలల క్రితం జరిగిందన్న సంగతిని లోపల రాస్తే చాలు. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ రూ. 90,000 చెల్లింపు కనిపించే పేజీని దీనికి జతచేయండి. నగదుగా ఇచ్చిన రూ. 75,000కు ఈ పత్రం తప్ప మరో ఆధారం లేదు. పాత వస్తువులు కొనేవారు నగదు ఇవ్వకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

వీలైతే మరో మెట్టు వెనక్కి వెళ్ళండి. మొదటి యజమాని ఎవరో తెలిసి, ఆయన కొత్తగా ఏ దుకాణంలో కొన్నారో తెలిస్తే, ఆ దుకాణం నుంచి బిల్లు నకలు దొరికే అవకాశం ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల వరకు లెక్కల పుస్తకాలు భద్రపరచాలి. కొని నాలుగైదేళ్ళే అయిన కెమెరా అయితే నకలు అడగడం వృథా ప్రయాస కాదు. ఇది మొదటి యజమాని పేరుతో ఉన్న అసలు బిల్లు నకలే గానీ, మీ పేరుతో కొత్తగా పుట్టించిన బిల్లు కాదు. చివరగా, కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరులో కెమెరాను ఒకసారి సర్వీసింగ్‌కు ఇచ్చి, జాబ్ షీటులో మీ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. సెన్సరు శుభ్రం అవుతుంది, మూడో పక్షం ఇచ్చిన తేదీతో కూడిన కాగితం కూడా మీ చేతికి వస్తుంది.

ఇవన్నీ సమకూరాక బీమా కంపెనీ దగ్గరకు వెళ్ళండి. మీకు కావలసింది పనిముట్లకు వర్తించే ఆల్ రిస్క్ పాలసీ (మినహాయించినవి తప్ప మిగతా ప్రమాదాలన్నింటికీ రక్షణ ఇచ్చేది) గానీ, బయటకు తీసుకెళ్ళే వస్తువులకూ రక్షణ ఉండేలా రాసిన ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ గానీ. ఇంటి బీమాలో కెమెరాను కూడా చేర్పించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వృత్తికి వాడే సామగ్రికి ఇంటి పాలసీ సాధారణంగా వర్తించదు, వ్యాపారానికి వాడుతున్నామని చెప్పకపోవడం మరో దాపరికం అవుతుంది. ఏజెంటు మాట మీద ఆగిపోకుండా న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీల శాఖల్లోను, ఒకటి రెండు ప్రైవేటు కంపెనీల్లోను నేరుగా అడగండి. మీ దగ్గర బిల్లు లేదని, దానికి బదులు ఉన్న పత్రాలు ఇవని ఈమెయిల్‌లో రాసి, క్లెయిమ్ సమయంలో వీటిని యాజమాన్యానికి, విలువకు ఆధారంగా అంగీకరిస్తారా అని ప్రశ్నించి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. పాలసీ ఇవ్వడం వేరు, క్లెయిమ్ చెల్లించడం వేరు. ప్రీమియం తీసుకునే రోజున ఎవరూ బిల్లు అడగకపోవచ్చు, నష్టం జరిగిన రోజున తప్పక అడుగుతారు. అంగీకరించబోమని ఒక కంపెనీ రాస్తే దానికి ప్రీమియం కట్టకండి.

బీమా మొత్తం కొత్త కెమెరా ధరకు కాకుండా నేటి మార్కెట్ విలువకు ఉండాలి. ఎక్కువకు చేయిస్తే అదనపు ప్రీమియం వృథా. తక్కువకు చేయిస్తే సగటు నిబంధన వర్తిస్తుంది: రెండు లక్షల సామగ్రికి లక్షకే బీమా చేయించి, యాభై వేల నష్టం జరిగితే, చేతికి వచ్చేది పాతిక వేలే. అలాగే మినహాయింపులు చదవండి. ఫంక్షన్ హాలు వేదిక పక్కన బ్యాగు పెట్టి భోజనానికి వెళ్ళినప్పుడు పోయినా, కారులో వదిలేసినప్పుడు పోయినా, కాపలా లేకుండా వదిలేశారన్న కారణంతో చాలా పాలసీలు చెల్లించవు. మేడారం జాతర రద్దీలో మెడలోంచి జారి పగిలితే ప్రమాదవశాత్తు జరిగిన నష్టం వర్తించాలి. వర్తిస్తుందో లేదో ముందే అడగండి. 2023 జులై చివరలో హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీరు ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. మీ స్టూడియో కింది అంతస్తులో ఉంటే వరద నష్టం పాలసీలో ఉండి తీరాలి.

ఇప్పుడు నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో బీమా గురించి ఎంతో ఉంది, రూ. 18,000 గురించి ఒక్క వాక్యమే ఉంది. ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి మీకు నెలకు రూ. 36,000 కావాలి. అంటే మీ కుటుంబానికి ఉన్న ఆధారం పదిహేను రోజులు. మీ వృత్తికి ముహూర్తాలే ఆదాయం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, మూఢాలు వచ్చాయంటే కొన్నిసార్లు వారాలు కాదు, నెలల తరబడి ఖాళీ. ఆ సమయంలో కెమెరా షట్టరు పోయినా, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరినా ఏం చేస్తారు? మీ పాలసీ పక్కాగా ఉన్నా, ఎఫ్ఐఆర్, సర్వేయరు నివేదిక, పత్రాల పరిశీలన పూర్తయ్యేదాకా డబ్బు రాదు. ఈలోగా బయానా తీసుకున్న పెళ్ళికి కెమెరా కిరాయికి తెచ్చుకోవాలన్నా చేతిలో డబ్బు ఉండాలి. అది లేనివాడు గిరిగిరి వాళ్ళ దగ్గరికి వెళ్తాడు. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే ఆ పద్ధతిలో వడ్డీ ఏడాదికి నూటికి డెబ్బై దాటుతుంది. అందులో దిగినవారు ఒక గిరిగిరి తీర్చడానికి మరో గిరిగిరి ఎత్తడం నేను చూస్తూనే ఉన్నాను.

కాబట్టి మీకు మొదటి బీమా అత్యవసర నిధే. తొలి లక్ష్యం మూడు నెలల ఖర్చు, అంటే రూ. 1,08,000. తర్వాత దాన్ని ఆరు నెలలకు, రూ. 2,16,000కు పెంచండి. ఒకేసారి పెట్టలేరని తెలుసు. ప్రతి పెళ్ళికి బయానా అందిన రోజే అందులో ఐదో వంతు, మిగతా డబ్బు వచ్చిన రోజు అందులోనూ ఐదో వంతు, వేరే బ్యాంకు ఖాతాలోకి మళ్ళించండి. ఆ ఖాతాకు ఫోన్ చెల్లింపుల యాప్‌ను జోడించకండి. కెమెరా ప్రీమియం కట్టడానికి ఈ నిధిని కదిలించకండి. ప్రీమియం వ్యాపార ఖర్చు, దాన్ని పెళ్ళికి తీసుకునే రేటులోనే చూసుకోవాలి.

డ్రోన్ గురించి నా జవాబు వద్దనే. నూటికి మూడు రూపాయలంటే రూ. 1,50,000కు నెలకు రూ. 4,500, ఏడాదికి రూ. 54,000, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. మూఢాల్లో కూడా ఆ వడ్డీ ఆగదు. పైగా 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషను, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. బిల్లు లేని పాత డ్రోన్ కొంటే కెమెరా విషయంలో చేసిన తప్పునే ఇంకా పెద్దగా చేసినట్టు. ఎవరైనా డ్రోన్ అడిగితే ఆ రోజుకు ఆపరేటర్‌తో సహా కిరాయికి తెచ్చి బిల్లులో కలపండి. నిధి నిండాక కూడా కొనాలనిపిస్తే, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను తీసుకుని బ్యాంకులో ముద్ర రుణం అడగవచ్చు.

ఒక్క విషయంలో మీరు అదృష్టవంతులు: అమ్మిన ఆయనకు ఇంకా రూ. 20,000 బాకీ ఉన్నారు. ఇప్పుడే ఇచ్చేయకండి, అలాగని ఎగ్గొట్టకండి. ధ్రువీకరణ పత్రం ముసాయిదా ముందుగా ఆయనకు పంపి, నోటరీ దగ్గర సంతకం చేసిన రోజే మొత్తం ఖాతాకు బదిలీ చేస్తానని చెప్పండి. ఆయన రాయడానికి ఒప్పుకోకపోతే ఆ సామగ్రి మీద ఏ ప్రీమియమూ కట్టకుండా, కారణం ఏమిటో రాతపూర్వకంగా అడిగి, ఆ రూ. 20,000ను ముట్టకుండా పక్కన ఉంచి, ఒక న్యాయవాదిని కలవండి.